సింగపూర్ – న్యూయార్క్: విమాన దూరం, ప్రయాణ సమయం

సింగపూర్‌లోని చాంగి, న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయాల మధ్య దూరం 15,349 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా నడిచే ప్రయాణికుల సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది ఇదే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే ఈ విమానానికి 18 నుంచి 19 గంటలు పడుతుంది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని భూగోళం ఉపరితలం మీద కొలుస్తారు. అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, న్యూయార్క్ 74 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. అంటే దాదాపు ఎదురెదురు దిక్కులు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ దారం బిగించి పట్టుకుంటే, అది ఉత్తర ధ్రువాన్ని ఇంచుమించు ఆనుకుని వెళ్తుంది.

విమానాలు మాత్రం సాధారణంగా ఆ దారిన వెళ్లవు. ఆకాశంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు వీస్తుంటాయి. వాటి ఊతం కోసం న్యూయార్క్ వెళ్లే విమానం తరచూ పసిఫిక్ మహాసముద్రం మీదుగా సాగుతుంది. దూరం పెరిగినా సమయం కలిసొస్తుంది.

ఇందుకు మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా విమానం నడిపిన ఎయిర్ ఇండియా, 2016 అక్టోబరులో పసిఫిక్ దారి పట్టింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా ఎదురుగాలి బెడద తప్పి, 16 గంటలకు పైగా పట్టే ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది.

ఇంత దూరానికి మామూలు విమానం చాలదు. అందుకే 2018లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్ రకాన్ని రంగంలోకి దించింది. దీని ఇంధన సామర్థ్యం 1,65,000 లీటర్లు. మామూలు ఏ350-900 కంటే ఇది 24,000 లీటర్లు ఎక్కువ. బరువు తగ్గించడానికి సీట్లను 161కే పరిమితం చేశారు. ఎకానమీ తరగతి అసలే లేదు. నలుగురు పైలట్లు వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటూ నడుపుతారు.

గడియారం లెక్క వేరు. వేసవిలో న్యూయార్క్ సమయం సింగపూర్ కంటే 12 గంటలు వెనక ఉంటుంది. మధ్యాహ్నం 12కు సింగపూర్‌లో బయలుదేరిన విమానం 18 గంటల 40 నిమిషాలు ప్రయాణిస్తే, న్యూయార్క్‌లో అదే రోజు సాయంత్రం 6:40కి దిగుతుంది. పైకి చూస్తే 6 గంటల 40 నిమిషాల ప్రయాణంలా కనిపిస్తుంది.

టికెట్ మీద బయలుదేరే, చేరే వేళలను ఆయా ఊళ్ల స్థానిక కాలమానంలోనే ముద్రిస్తారు. అందువల్ల దూర ప్రయాణాలకు టికెట్ కొనేవారు ఆ వేళల తేడాను కాక, విడిగా ఇచ్చే మొత్తం ప్రయాణ సమయాన్ని చూసుకోవాలి.