తెలుగు చిత్రదర్శకుల శిష్యరికము

చలనచిత్రములను చూచి ఆనందించినవారు మనలో అనేకులు గలరు. వానిని తీయు విద్యను మనవారు ఎచ్చట, ఎవరివద్ద నేర్చిరని విచారించినవారు మాత్రము అరుదు. ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను పలుకుచు తరములు గడపిన మనవంటి కుటుంబములకు ఈ విచారణము మిక్కిలి దగ్గరి సంగతి. ఏలయన, తెలుగు చిత్రకళ తొలి పాఠములు బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణములలో, పొరుగు భాషలవారి నడుమ నేర్వబడినవి.

పూనాలో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో స్థాపింపబడినది. మొదటి తెలుగు టాకీయైన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరిలో విడుదలయైనది. నడుమనున్న ఇరువదియెనిమిది సంవత్సరములలో మన దర్శకులకు స్టూడియోయే పాఠశాల, పెద్ద దర్శకుడే ఉపాధ్యాయుడు.

ఈ గురుపరంపరకు మూలపురుషుడు బందరునుండి చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రశాలను నడపిన రఘుపతి వెంకయ్యగారు. ఆయన తన కుమారుడు ప్రకాశును ఇంగ్లండుకు పంపి అచ్చటి స్టూడియోలో శిక్షణ ఇప్పించెను. తండ్రీకొడుకులు 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అను మూకీచిత్రమును వెలువరించిరి. ప్రకాశుగారివద్ద పని నేర్చినవారిలో కాకినాడ వాస్తవ్యులు సి. పుల్లయ్యగారొకరు. పుల్లయ్యగారు కలకత్తా పోయి, ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీలో ‘సతీ సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) చిత్రములను తీసిరి. ఆ ‘లవకుశ’నే ఆయన మరల రంగులలో ప్రారంభింపగా, దానిని పూర్తి చేసినవారు కుమారుడు సి.యస్. రావుగారు. 1963లో విడుదలయైన ఆ చిత్రము తెలుగున మొదటి సంపూర్ణ వర్ణచిత్రము. ఇంగ్లండులో ఒకడు నేర్చిన విద్య నలువది సంవత్సరములలో చేతినుండి చేతికి మారి అంతదూరము వచ్చినది.

ఎల్.వి. ప్రసాదుగారి మార్గము వేరు. ఏలూరు ప్రాంతపు పల్లెయందు పుట్టి, చదువు సాగక బొంబాయి చేరిన ఆయనకు మొదట దొరికినది ఒక చిత్రసంస్థలో చిల్లరపనులు చేయు కొలువు. పిమ్మట చిన్న వేషములు లభించినవి. హిందీ ‘ఆలం ఆరా’, తమిళ ‘కాళిదాస్’, తెలుగు ‘భక్త ప్రహ్లాద’ అను మూడు భాషల తొలి టాకీలలోను ఆయన కనిపించెను. దర్శకుడుగా ‘గృహప్రవేశము’ తీసినది 1946లో. అనగా, పదునైదు సంవత్సరములకు పైగా ఆయన అందరి పనిని చూచుచు, అందినపనిని చేయుచు గడపెను. ‘షావుకారు’ (1950), ‘మిస్సమ్మ’ (1955) చిత్రములలో నటులందరును ఇంటిలో మసలినట్లు మసలుటకు ఈ సుదీర్ఘ పరిశీలనము తోడ్పడినదని మా నమ్మకము.

లెక్కల పుస్తకములతో జీవితమును గడపిన మాకు అన్నిటికన్న ఆప్తమైనది కె.వి. రెడ్డిగారి చరిత్ర. తాడిపత్రివారైన ఆయన భౌతికశాస్త్రమున పట్టభద్రులు. 1938లో హెచ్.ఎమ్. రెడ్డిగారు ‘గృహలక్ష్మి’ తీయునపుడు ఆయన కొలువు కాషియరు. అచ్చటనే పని నేర్చిన బి.యన్. రెడ్డిగారు తరువాత వాహినీ సంస్థను నెలకొల్పి ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) తీయగా, కె.వి. రెడ్డిగారు నిర్మాణ వ్యవహారములను చూచుచుండిరి. ఆ చిత్రములకు ఛాయాగ్రాహకుడు రామ్‌నాథ్, కళాదర్శకుడు శేఖర్, ఇరువురును తెలుగువారు కారు. పని తెలిసినవానిని భాష అడుగని కాలమది. ఏ దృశ్యమునకు ఎంత ఫిల్ము పట్టునో, ఏ ఆలస్యమునకు ఎంత సొమ్ము వ్యయమగునో ఎరిగిన ఈ కాషియరు 1943లో ‘భక్త పోతన’తో దర్శకుడయ్యెను.

పద్దు వ్రాయు అలవాటు ఆయనను ఎన్నడును విడువలేదు. కథ పూర్తిగా వ్రాయబడి, సంభాషణలు స్థిరపడి, నటులు అభ్యాసము చేసినపిదపగాని ఆయన కెమేరా ముందునకు పోయెడివారు కారు. ప్రతి దృశ్యము, ప్రతి పాట ఎంతసేపు పట్టునో ముందే కొలిపించి, చిత్రము నిడివిని కాగితముపైననే నిర్ణయించెడివారు. ‘మాయాబజార్’ (1957) నాడు ఆయన సహాయకుడుగా ఉండి ఆ కొలతలు కట్టిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. ఆ చిత్రమునకు మార్కస్ బార్ట్లీ, గోఖలే, కళాధర్ ప్రభృతులు కలిసి ద్వారకానగరమును ఏబది అడుగుల పొడవు, అరువది అడుగుల వెడల్పుగల స్థలములో మూడువందల చిన్న ఇండ్లతో నిర్మించిరి. ఘటోత్కచుడు లడ్డూలను ఆరగించు ఘట్టమునకు నాలుగు దినములు పట్టినది. చూచువారికి మాయ, చేసినవారికి గణితము. ఆనాటి సింగీతమే 1987లో మాటలులేని ‘పుష్పక విమానము’ను తీసి గురువు పెట్టిన లెక్కను సార్థకము చేసెను.

ఈ వృత్తికి ద్వారములు పెక్కు. కమలాకర కామేశ్వరరావుగారు కృష్ణాపత్రికలో చిత్రవిమర్శలు వ్రాయుచు వచ్చి, ‘నర్తనశాల’ (1963) తీసిరి. వేదాంతం రాఘవయ్యగారు కూచిపూడి నాట్యమునుండి వచ్చి ‘దేవదాసు’ (1953) నిచ్చిరి. కె. విశ్వనాథ్‌గారు వాహినీలో శబ్దవిభాగమున పనిచేసి, ఆదుర్తి సుబ్బారావుగారికి సహాయకుడై, 1965లో ‘ఆత్మగౌరవము’తో దర్శకుడయ్యెను. స్త్రీలకు మాత్రము ఈ ద్వారములు దాదాపు మూసియే యుండెను. నటిగా ప్రసిద్ధురాలైన భానుమతిగారు 1953లో ‘చండీరాణి’ని మూడు భాషలలో తీయుట ఆ కాలమున అపురూపము. ఈ పద్ధతిలో లోపము లేదని మేమనము. గురువు చేరదీసినవానికే విద్య దక్కెడిది. చేరదీయబడనివారి పేర్లు ఏ చరిత్రలోను లేవు.

చిత్రపరిశ్రమ క్రమముగ హైదరాబాదుకు తరలినది. వడపళనిలో వాహినీ స్టూడియో వెలసిన ఆవరణలో ఆసుపత్రియు, వ్యాపారభవనములును నిలిచినవి. చిత్రములు నిలిచియున్నవి, తీసిన తీరును చెప్పువారు తరుగుచున్నారు. మన సమాజములలో వడ్రంగులుగ, దీపములు పట్టినవారుగ, దుస్తులు కుట్టినవారుగ, లెక్కలు వ్రాసినవారుగ ఆ స్టూడియోలలో పనిచేసిన పెద్దలు గల కుటుంబములు నేటికిని ఉండును. వారు కన్నది, విన్నది, వారి ఇంటివారు ఒక చిన్న నోటుపుస్తకములోనైన వ్రాసి ఉంచవలెనని మా విన్నపము. వ్రాతలేని పద్దు ఎంత నిజమైనను పోయినట్లే గదా! కాషియరును దర్శకునిగ చేసిన విద్య మన పిల్లలకు చేరుటకు ఆ నోటుపుస్తకమే దారి.