పురిటిగదిపై పడిన నింద

పసిబిడ్డల కాళ్ళు కొయ్యబారి, కత్తెరవలె ఒకదానికొకటి అడ్డుపడడానికి కారణమేమి? 1861లో లండన్ ప్రసూతి వైద్యుల సంఘంలో విలియమ్ జాన్ లిటిల్ అనే శస్త్రవైద్యుడు ఈ ప్రశ్నపై ఒక వ్యాసం చదివినాడు. నెలలు నిండని కాన్పు, కష్టప్రసవం, పుట్టగానే ఊపిరందకపోవడం, వీటివల్ల మెదడు దెబ్బతినడమే కారణమని ఆయన సిద్ధాంతం. లిటిల్ స్వయంగా వంకరపాదంతో పెరిగి, 1836లో జర్మనీలోని హానోవరులో శస్త్రచికిత్స చేయించుకొని నడక చక్కదిద్దుకొన్నవాడు. పూర్వగ్రంథాలలో ఇటువంటి ప్రస్తావనకై వెదకి, చివరకు షేక్స్పియరు రచించిన మూడవ రిచర్డు నాటకాన్ని ఉదాహరించినాడు! వైద్యులకంటె కవియే ముందు చూచినాడన్నమాట.

చాలకాలం దీనిని లిటిల్ వ్యాధి అనినారు. నేడు సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతం. ఇది అంటుకొనేది కాదు. ఎదుగుతున్న మెదడులో, కదలికలను నడిపే భాగానికి కలిగిన లోపమిది. ఆ లోపం తరువాత పెరగదు. కొందరికి కండరాలు బిగుసుకొంటవి. కొందరికి అంగాలు తమంత తామే మెలికలు తిరుగుతవి. మాట తడబడేవారూ ఉన్నారు. మాట తడబడినంతమాత్రాన బుద్ధి తడబడినట్లు కాదు. డబ్లిన్ నగరవాసి క్రిస్టీ బ్రౌన్ ఎడమకాలితో వ్రాయ నేర్చి, 1954లో ఆత్మకథనే ప్రకటించినాడు.

లిటిల్ వాదాన్ని 1897లో శంకించినవాడు వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. తరువాత కలలకు అర్థం చెప్పి ప్రసిద్ధుడైనది ఈయనే. కష్టప్రసవం కారణం కాక, గర్భంలోనే ఏర్పడిన లోపానికి చిహ్నం కావచ్చును గదా అని ఆయన అడిగినాడు. ఆ మాట చెవిని పెట్టినవారు తక్కువ. నింద మంత్రసానిమీద, వైద్యునిమీద, అందరికన్న మిన్నగా తల్లిమీద పడుతూ వచ్చినది. మన భాషలో చీలిన పెదవికి గ్రహణపు మొర్రి అని పేరు. గ్రహణవేళ తల్లి జాగ్రత్త పడలేదన్న నేరారోపణ ఆ పేరులోనే ఉన్నది.

అమెరికాలో 1959 మొదలు 1966 వరకు 50,000 పైచిలుకు గర్భాలను నమోదు చేసి, పుట్టిన పిల్లలను ఏడేండ్ల వయస్సు వరకు పరిశీలించినారు. ఆ వివరాలను 1986లో కారిన్ నెల్సన్, జోనాస్ ఎలెన్‌బర్గ్ విశ్లేషించగా, పురిటివేళ ఊపిరాడకపోవడం కొద్దిమంది విషయంలోనే కారణమని తేలినది. ఫ్రాయిడ్ శంకకు సుమారు తొంబై ఏండ్లకు బలం చేకూరినది.

అట్లని లిటిల్ పూర్తిగా పొరబడలేదు. నెలలు నిండని కాన్పు నేటికిని ముఖ్యకారణాలలో ఒకటి. పురిటిబిడ్డకు కామెర్లు ముదిరినా మెదడు దెబ్బతింటుంది. వాటిని సకాలంలో గుర్తించి నీలికాంతి చికిత్స చేయిస్తే, అంగాలు మెలికలు తిరిగే తరహా పక్షవాతాన్ని చాలవరకు తప్పించవచ్చును.