సాక్షులకు సాక్షి

యుద్ధమునకుఁ బోయివచ్చినవాఁడు వ్రాసినదెల్ల సత్యమని నమ్ముట లోకసహజము. ఈ నమ్మకమును శోధించినవాఁడు జాఁ నోర్తన్ క్రూ అను ఫ్రెంచివాఁడు. ఆయన అమెరికాలో ఫ్రెంచిభాష బోధించు నుపాధ్యాయుఁడు. 1914లో యుద్ధము రాఁగానే స్వదేశమునకు మరలి సైన్యమునఁ జేరి, వెర్డన్ కందకములలోఁ బోరాడెను.

1929లో ఆయన 'సాక్షులు' అను బృహద్గ్రంథమును బ్రకటించెను. తోడిసైనికులు వ్రాసిన యించుమించు 300 పుస్తకములను జదివి, ప్రతి రచయితయు నే దళమున, నే దినములలో, నెచ్చట నుండెనో విచారించి, వ్రాఁతతోఁ బోల్చి చూచెను. శవములగుట్టలు, రక్తపుటేళ్లు, బాయొనెట్టుల ముఖాముఖి పోరులు పెక్కులు కల్పనలని తేల్చెను. బార్బ్యూస్, డోర్జెలెస్ వంటి ప్రఖ్యాతులను సైతము విడువలేదు; జెనెవ్వా సత్యనిష్ఠను మాత్రము మిక్కిలి కొనియాడెను.

యుద్ధమును నిందించుటకై కొంత పెంచి వ్రాసిన దోషమేమని కొంద ఱనవచ్చును. దోషము కలదు. ఒక్క యబద్ధము బయటపడినచో నూఱు నిజములు చెడును. కత్తిపోరు కథలకు మురిసిన బాలుఁడే రేపు యుద్ధమునకు నుత్సాహముతోఁ బరుగెత్తును. చనిపోయినవారు తిరిగివచ్చి కథను దిద్దలేరు. ఆ భారము బ్రదికినవారిదే. కావున వీరగాథ వినునపుడు, "దీనిని జూచినవా రెవరు?" అని యడుగుట మన బిడ్డలకు నేర్పవలెనని మేము తలంచెదము.