సంస్కృతం కోసం జర్మనీకి



భాషల కోర్సుల్లో చేరిన మన పిల్లలని ఇంటా బయటా ఒకటే ప్రశ్న వేధిస్తోంది. జర్మన్ చదివి ఏం చేస్తావు? పాళీ చదివితే జీతం ఎవడిస్తాడు? హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది. ఇవాళ అక్కడ జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్ కూడా చదువుకోవచ్చు. అలాంటి చోట సీటొచ్చిన పిల్లలు ఈ ప్రశ్న నా దగ్గరికి పట్టుకొస్తుంటారు. ఉద్యోగాల లెక్క నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగేది చరిత్ర. అందుకే ఈ భాగం బాబాసాహెబ్ భాషల చదువు గురించి.

ఆయన ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం పట్టాల గురించి మన సభల్లో ఎప్పుడూ చెప్పుకుంటాం. భాషల సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాం.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పుడు ఆయన రెండో భాషగా సంస్కృతం అడిగారు. తండ్రి రాంజీ కోరిక కూడా అదే. అది ప్రభుత్వ స్కూలు, ఫీజు కట్టిన పిల్లవాడు. అయినా అంటరానివాడికి చెప్పనని సంస్కృతం పంతులు కరాఖండిగా అనేశాడు. అన్నకీ తమ్ముడికీ పారశీకమే గతి అయింది. 1907లో మెట్రిక్యులేషన్, 1912లో బీఏ. డిగ్రీలో కూడా ఆయన చదివింది ఇంగ్లీషు, పారశీకం.

పారశీకం తక్కువ భాషేమీ కాదు. ఆయన దాన్ని ఇష్టంగానే చదివారు. కానీ తన కులం మెడకి ఉరి బిగించిన శాసనాలు పారశీకంలో లేవు. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన లోహం, లక్క పోయమన్న గౌతమ ధర్మసూత్రం సంస్కృతంలో ఉంది. మనుస్మృతీ అందులోనే ఉంది. నీకు శిక్ష వేసిన కాగితం నీకు చదవరాని భాషలో ఉండాలి, ఆ భాష నీకు నేర్పకూడదు. ఏర్పాటు అంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం. ఆ గౌతమ ధర్మసూత్రాన్ని, మనుస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చిన గేయోర్గ్ బ్యూలర్ జర్మన్. మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో ఆక్స్‌ఫర్డ్ అచ్చేసిన యాభై సంపుటాల వరసలో గౌతముడు 1879లో, మనువు 1886లో వచ్చాయి. ఈ బ్యూలర్ 1863లో ప్రాచ్య భాషల ఆచార్యుడిగా ఏ కాలేజీలో చేరాడో తెలుసా? బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో. ఎక్కడో జర్మనీ నుంచి వచ్చినవాడు సంస్కృతం ఆచార్యుడు కాగలిగిన చోట, యాభై ఏళ్ల తర్వాత కూడా ఈ దేశపు మహార్ కుర్రాడు పారశీకంతో సరిపెట్టుకున్నాడు.

దొరలకి మాత్రం పండితులు మొదట్లోనే చెప్పేశారనుకోకండి. కలకత్తాకి జడ్జిగా వచ్చిన విలియం జోన్స్‌కి సంస్కృతం నేర్పడానికి బ్రాహ్మణ పండితులు వెనకాడారు. చివరికి నేర్పింది రామలోచన్ అనే వైద్య కులస్థుడు. ఆ జోన్సే 1794లో మనువుని ఇంగ్లీషులో పెట్టాడు. పండితుల మీద ఆధారపడకుండా కోర్టు నడుపుకోవడం అతని అవసరం. మనల్ని ఉద్ధరించాలని ఏ దొరా అనువాదం చేయలేదు. కానీ తాళంచెవి ఒకసారి బయటికొచ్చాక ఎవరి చేతిలో పడుతుందో ఎవరూ చెప్పలేరు కదా.

1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియా వెళ్లినప్పుడు ఆయన తీసుకున్న కోర్సుల్లో ఎక్కువ ఆర్థికశాస్త్రం, చరిత్ర, సామాజికశాస్త్రం. వాటి మధ్య ప్రాథమిక ఫ్రెంచ్ ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి. ఆ రెండు చిన్న కోర్సులని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ముఖ్యమైనవి. ఎందుకంటే 1921లో లండన్‌లో చదువు సాగుతుండగానే ఆయన జర్మనీలోని బాన్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. జర్మన్‌లో, సొంత దస్తూరితో. ఆయన చదవాలనుకున్నది సంస్కృతం.

బాన్‌నే ఎందుకు ఎంచుకున్నారు? జర్మనీలో మొదటి సంస్కృత ఆచార్య పీఠం అక్కడిది. 1818లో ష్లేగల్‌ని ఆ యూనివర్సిటీకి పిలిచారు. బాబాసాహెబ్ వెళ్లే నాటికి అక్కడ ఆచార్యుడు హెర్మన్ యాకోబి, జైన సూత్రాలని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. 1921 ఏప్రిల్ 29న బాబాసాహెబ్ పేరు రిజిస్టర్‌లో ఎక్కింది. బొంబాయి పంతులు కాదన్న చదువుని బాన్‌లో కులం అడక్కుండా రాసుకున్నారు.

ఆ చదువు సాగలేదు. లండన్ థీసిస్ పని ఉంది, డబ్బు కటకట ఉంది. తరగతులకి రావడం లేదని 1922 జనవరిలో పేరు కొట్టేశారు. అందుకని బాన్ నుంచి పట్టా తెచ్చారని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మన చరిత్రని మనమే ఉబ్బించి చెబితే దాన్ని పొడవడం అవతలివాడికి తేలిక.

తర్వాత ఆయన సొంతంగా, అక్కడక్కడా పండితుల సాయంతో సంస్కృతం కొంత పట్టుకున్నారు. అయినా 1946లో 'శూద్రులెవరు?' పుస్తకం వేసినప్పుడు పాత ఆయుధం మళ్లీ వస్తుందని ఆయనకి తెలుసు: సంస్కృతం రానివాడికి శాస్త్రాల గురించి మాట్లాడే అర్హత ఏమిటని. ఆ పుస్తకం ముందుమాట తప్పకుండా చదవండి. తను సంస్కృతంలో దిట్ట కాదని ఆయన దాచుకోలేదు. సంస్కృతంలో ఉన్నదాంట్లో ఇంగ్లీషులోకి రానిది చాలా తక్కువ, పదిహేనేళ్లు ఆ అనువాదాలే చదివాను, మాట్లాడటానికి నాకది చాలు అన్న అర్థంలో రాశారు. తర్వాత పుస్తకంలో ధర్మసూత్రాలని ఒక్కొక్కటీ ఇంగ్లీషులో పరిచి చూపించారు. అగ్రహారంలో వినిపించకూడదన్న మాట ఆక్స్‌ఫర్డ్ తిరిగి దాదర్‌లోని రాజగృహలో ఆయన బల్ల మీదికి వచ్చింది. భాషల మధ్య, సంస్కృతుల మధ్య సంభాషణ అని యూనివర్సిటీలో పేపరు పెడతారే, దానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఆయనకి సంస్కృతం మీద పగ ఉందని కొందరు, ప్రేమ ఉందని కొందరు ఎవరికి కావలసినట్టు వాళ్లు లాగుతుంటారు. 1949 సెప్టెంబర్‌లో సంస్కృతాన్ని అధికార భాష చేయాలన్న సవరణకి ఆయన మద్దతిచ్చారని పత్రికల్లో వచ్చింది. ఇది చూపించి ఆయన్ని తమవాడంటారు కొందరు. మనుస్మృతిని 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో తగలబెట్టించిన మనిషీ ఈయనే అన్నది వాళ్లకి గుర్తుండదు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. భాష ఎవడి సొత్తూ కాదనడమూ, అందులో రాసిన అన్యాయాన్ని తగలబెట్టడమూ ఒకే మనిషి చేయొచ్చు.

మన దగ్గర జాషువా ఉన్నాడు. ఉభయ భాషా ప్రవీణుడు. కాళిదాసు మేఘుడితో ప్రేయసికి కబురు పంపిస్తే, ఆ పద్ధతినే తీసుకుని 1941లో 'గబ్బిలం' చేత అంటరానివాడి గోడుని కాశీ శివుడికి పంపించాడు. మేఘసందేశం తెలియనివాడు ఆ దెబ్బ కొట్టలేడు.

ఇక ఈ రోజుల సంగతి. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీలు మార్కులు బాగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం అంటగడుతున్నాయి. జవాబులు తెలుగు లిపిలో రాసినా చెల్లుతుంది. మన వాడ పిల్లలకి కూడా 98 పడుతున్నాయి, ఒక శ్లోకం విడగొట్టి చెప్పడం మాత్రం రాదు. నా ఇంటర్ రోజుల్లో ఇంత ధారాళం లేదు. సంస్కృతం రాసిచ్చిన నా ఫారం మీద కులం గడి చూసి, తెలుగు తీసుకో, నీకు తేలిక అన్నాడు ఆఫీసులో గుమస్తా. చాలా మర్యాదగానే అన్నాడు. అప్పుడు చెప్పకుండా ఆపారు, ఇప్పుడు చెప్పినట్టే చేసి ఏమీ చెప్పడం లేదు.

భాష ఎవరి కోసం నేర్చుకోవాలన్నది బాబాసాహెబ్‌కి స్పష్టం. 1920లో మూక్‌నాయక్, 1927లో బహిష్కృత భారత్ మరాఠీలో పెట్టారు, తనవాళ్లు చదవాలి కాబట్టి. రౌండ్ టేబుల్ సమావేశంలో ఇంగ్లీషులో మాట్లాడారు, అధికారం అక్కడుంది కాబట్టి. చివరి సంవత్సరాల్లో పాళీ పట్టుకున్నారు, బుద్ధుడి మాట ఆ భాషలో నిలిచింది కాబట్టి. తను చదివి ఊరుకోలేదు. పాళీ వ్యాకరణం, నిఘంటువు తయారు చేస్తూ కూర్చున్నారు. అప్పటికి మధుమేహం, కాళ్ల నొప్పులు, చూపు మందగించడం అన్నీ ఉన్నాయి.

ఆ పని ఆయన రచనల సంపుటాల్లో పదహారోదిగా 1998లో అచ్చయింది. లైబ్రరీలో దొరికితే తెరిచి చూడండి. పాళీ మాటకి అర్థం ఒక్క ఇంగ్లీషులోనే ఇచ్చి వదిలేయలేదు. మరాఠీ, గుజరాతీ, హిందీల్లో కూడా ఇచ్చారు. తెలుగు వరస అందులో లేదు. పాళీలో, జర్మన్‌లో సీటు తెచ్చుకున్న పిల్లలు ఎవరైనా ఆ వరస కట్టడానికి కూర్చుంటామంటే నాకు కబురు చేయండి.