ముంగిటి చలనచిత్రములు



తెలుగు పండితుడనై ముప్పది యేండ్లు సికిందరాబాదులో బాలురకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గొన్న నేను, నేడు చలనచిత్రములను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. ఈ విషయమున నాకు పాండిత్యము లేదు. ఒక ఋణము మాత్రము కలదు. అదియేమో తుదిని మనవి చేసికొందును.

నేడు మన పిల్లలు చేతి ఫోనుతో ఐదు నిమిషముల కథ నొకదానిని చిత్రించి, యూట్యూబులో నుంచి, లోకమునకు చూపుచున్నారు. రచ్చబండయు బావిగట్టును పెరటి వేపచెట్టును వారి రంగస్థలములు. అన్న నాయకుడు; పొరుగింటి మామ ప్రతినాయకుడు; అమ్మ చీరయే తెర. పెట్టుబడి చాయ ఖర్చునకు మించదు. అది చూచి మనము "ఇదేమి కోతి చేష్ట!" యని విసుగుకొందుము. కాని చరిత్ర నరసి చూచినచో చలనచిత్రము పుట్టుకయే యిట్టిదని తెలియును.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని జనులకు పది చిత్రములు చూపిరి. వానిలో నేదియు నొక నిమిషమునకు మించినది కాదు. తమ కర్మాగారమునుండి పనివారు బయటికి వచ్చుట యొక చిత్రము. సోదరులలో నొకడైన ఆగుస్తు, భార్యయు తానును కూర్చుండి పసిబిడ్డకు తినిపించుట మఱియొక చిత్రము. అందు రాజులు లేరు, యుద్ధములు లేవు. తమ వాకిలి, తమ బిడ్డ, అంతియే. మఱుసటి యేడు జూలై 7వ తేదీన ఆ సోదరుల చిత్రములే బొంబాయిలోని వాట్సన్ హోటలున ప్రదర్శితములై మన దేశమునకు ఈ విద్యను పరిచయము చేసినవి.

మన దేశమున 1913లో "రాజా హరిశ్చంద్ర" యను నిడుపాటి చిత్రమును నిర్మించిన దాదాసాహెబు ఫాల్కే సంగతి యెట్లున్నది? తన విద్యయందు ధనికులకు నమ్మకము పుట్టించుటకై ఆయన మొదట కుండలో నొక బఠాణీ గింజను నాటి, అది మొలకెత్తి తీగ సాగు విధమును దినదినము కొంచెము కొంచెముగా చిత్రించి చూపెను. భార్య సరస్వతీబాయి తన నగల నిచ్చుటయే గాక, ఫిల్మును కడుగు పనియు నేర్చుకొనెను. చంద్రమతి వేషము వేయుటకు స్త్రీలెవ్వరును ముందునకు రాకపోగా, భోజనశాలలో వంటచేయు సాళుంకే యను యువకుడు ఆ వేషము వేసెను. లోహితాస్యుడు ఫాల్కే కన్నకొడుకే. ఇల్లాలు, కొడుకు, వంటవాడు, కుండలోని గింజ: మన చలనచిత్రమునకు మూలధన మిదియే.

ఇక మన సీమకు వత్తము. హైదరాబాదులో చిత్రకళాశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన ధీరేంద్రనాథ గంగూలీ యను వంగదేశీయుడు 1922లో నిజాము ప్రాపున "లోటస్ ఫిల్మ్ కంపెనీ"ని స్థాపించి యిచ్చట మూకచిత్రములు తీసెను. 1924లో "రజియా బేగం" అను చిత్రమును ప్రదర్శించినందుకు ప్రభువునకు కోపము వచ్చెను. గంగూలీ ఊరు విడిచి పోవలసివచ్చెను. రాజాదరణతో లేచిన కళ రాజాగ్రహముతో కూలినది. కావున గొప్పవారి యండ గొప్ప బలమని తలచుట పొరబాటు.

గంగూలీ వెడలిన పదియేండ్లకు, 1934 డిసెంబరు 14వ తేదీన, సికిందరాబాదు దండు ప్రాంతమగు తిరుమలగిరిలో నొక బాలుడు పుట్టెను. తండ్రి శ్రీధర బెనెగల్ కన్నడదేశమునుండి వచ్చిన ఛాయాచిత్రకారుడు. ఇంట కొంకణి మాట. వీథిలో తెలుగును దక్కనీ ఉర్దువును. ఆ పిల్లవానికి పండ్రెండేండ్లు నిండు నాటికి తండ్రి కెమెరా చేతికి వచ్చినది. దానితో వాడు తన మొదటి చిత్రమును తీసెను. వాడే శ్యామ్ బెనెగల్. నేడు ఫోను పట్టుకొని వీథిలో తిరుగు మన మనుమని వయస్సే నాడు వానికి!

ఆ బాలుడు నిజాము కళాశాలలో చదివి, హైదరాబాదు ఫిల్మ్ సొసైటీ స్థాపనకు పూనుకొని, పిమ్మట బొంబాయి చేరి ప్రకటన సంస్థలో వ్రాతపనికి కుదిరెను. తన మనస్సులోని కథకు పెట్టుబడి పెట్టువారు పదియేండ్లకు పైగా దొరకలేదు. తుదకు 1974లో ఆ కథ "అంకుర్" అను పేర వెలువడినది. అందలి ఊరు తెలంగాణపు టూరు. మాట హైదరాబాదు మాట. భూస్వామి కొడుకు, మూగవాడైన కుమ్మరి, వాని భార్య: ఇవి యాతడు తన సీమలో నెఱిగిన బ్రతుకులు. చిత్రము చివర నొక పిల్లవాడు దొర యింటి కిటికీ మీదికి రాయి విసరి పరుగెత్తును. అంకురమనగా మొలక. ఫాల్కే కుండలో నాటిన గింజ మన నేలలోను మొలకెత్తినదని నాకు తోచును.

1976లో ఆయన తీసిన "మంథన్" చిత్రమునకు గుజరాతు పాల సహకార సంఘములలోని ఐదు లక్షల రైతులు తలకు రెండేసి రూపాయలు చందా వేసికొనిరి. ఏ కోటీశ్వరుడును లేకయే పది లక్షలు సమకూరినవి. ఆ చిత్రమునే చక్కబఱచి 2024లో ఫ్రాన్సు దేశపు కాన్ చిత్రోత్సవమున ప్రదర్శించిరి. 1978లో ఆయన తెలుగున "అనుగ్రహం" తీసెను. 1987లో పోచంపల్లి నేతగాండ్ర బ్రతుకును "సుస్మన్"గా చూపెను. 2005వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము నందుకొని, 2024 డిసెంబరు 23న, తొంబదియేండ్లు నిండిన తొమ్మిదవ నాడు, బొంబాయిలో దివంగతు డయ్యెను.

ఆ కాలపు కష్టమునకును నేటి సౌలభ్యమునకును భేదము చెప్పవలయును. ఫిల్ము మీద ఒక్క సెకనునకు ఇరువది నాలుగు బొమ్మలు పడవలెను. పదునాఱు మిల్లీమీటర్ల ఫిల్ము నూఱడుగుల చుట్ట మూడు నిమిషములకైనను చాలదు. అది కొనవలెను, కడుగుటకు పంపవలెను, చెడినచో మరల కొనవలెను. కావున పదిమాఱులు ఆలోచించిన గాని మీట నొక్కరు. నేడు తప్పిన బొమ్మను చెఱపి మరల తీయుటకు కాసైనను ఖర్చులేదు. యూట్యూబు 2005లో వెలసినది. దాని మొదటి దృశ్యము జంతుశాలలో ఏనుగుల యెదుట నిలుచుండి ఒక యువకుడు వానిని గూర్చి పలికిన రెండు మాటలే; ఇరువది సెకనులకు లోపే. నూటపదేండ్లు తిరిగి విద్య మరల తన పసితనమునకు వచ్చినది! 2016 మొదలు అంతర్జాలపు వెల తగ్గుటతో ఆ పసితనము పల్లెపల్లెకు నడచినది.

మన తెలంగాణములో దీనికి మంచి నిదర్శనము జగిత్యాల జిల్లా మల్యాల మండలమందలి లంబాడిపల్లి. ఆ యూరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో "మై విలేజ్ షో" అను పేర తమ యూరి మాటలను, పండుగలను, తగవులను, హాస్యములను చిత్రింప మొదలిడెను. నటులు ఊరివారే. వ్యవసాయ కూలి మిల్కూరి గంగవ్వ, ముదిమిలో ముఖమునకు రంగైనను పూసికొనక, తన మాట తాను మాటలాడి లోకమును మెప్పించినది. 2019లో "మల్లేశం" మొదలగు పెద్ద చిత్రములందును ఆమె కనబడినది. వ్రాసిన మాటలను చదువలేని యామెకు అక్షరములు కొఱతయే గాని భాష కొఱత కాలేదు. వ్యాకరణము చెప్పి బ్రతికిన నేను ఈ మాటను నిండు మనస్సుతో నొప్పుకొనుచున్నాను.

ఇక నా ఋణము. 2015లో పదవ తరగతి విద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. లష్కరు బోనములను గూర్చి ఐదు నిమిషముల కథ తీయ దలచితిననియు, మనుమరాలికి బోనము కుండను సింగారించుట నేర్పు అవ్వ వేషము మా యమ్మ వేయవలెననియు వాడు కోరెను. మా యమ్మ ఉజ్జయినీ మహాకాళికి నలుబదియేండ్లు బోనమెత్తినది. కుండకు పసుపు పూయుట, వేపమండలు చుట్టుట, దీపము నిలుపుట ఆమె చేతికి తెలిసిన విద్య. ఆమె మాఱుమాటాడక పెట్టెలోని పట్టుచీర తీసి ఒడిలో నుంచుకొన్నది. నేను "పరీక్షలు ముందు పెట్టుకొని ఈ పిచ్చి యేమి?" యని వానిని గద్దించితిని. "నలుగురు నవ్వుదు" రని అమ్మను వారించితిని. ఆమె చీరను మరల మడచి పెట్టెలో పెట్టినది.

2017లో ఆమె కాలము చేసినది. ఛాయాపటములు మాకు నాలుగున్నవి. గొంతు లేదు.

నేను విశ్రాంతి గొన్న పిమ్మట ఆ విద్యార్థి యొకనాడు వచ్చి తన పాత ఫోను నాకు చూపెను. నాడు లోనికి రాకముందు వాడు మా వీథిని చిత్రించుచు నిలుచుండెనట. ఆ పదునొకండు సెకనుల దృశ్యములో మా గడపలో నిలిచి మా యమ్మ వానితో ననుచున్నది: "ఎండల నిలవడ్డవేంది బిడ్డా? లోపటికి రా, నీల్లు తాగుదువు." అంతియే. మా మనుమరాలు తాతమ్మ గొంతు విన్నది ఆ పదునొకండు సెకనులలోనే. కుండ నెట్లు సింగారింతురో మాత్రము ఆమెను చూచి నేర్చుకొను భాగ్యము నేనే పోగొట్టితిని.

పిల్లలు తీయునదంతయు మంచిదని నేను చెప్పను. ఒకరి కులమును, రూపమును, అంగవైకల్యమును చూచి నవ్వించుట నీచము. ఒప్పుకొననివారిని చాటున చిత్రించుట తప్పు. రైలుపట్టాల మీద నిలిచి చిత్రించుట ప్రాణాపాయము. ఇవి కనబడినచో తప్పక మందలింపుడు. కాని వారు కథ యడిగినచో చెప్పుడు. వేషము వేయుమన్న వేయుడు. మాట తప్పినచో మీ యూరి నుడికారముతో దిద్దుడు. తీసిన దానిని రెండుమూడు చోట్ల దాచుమని చెప్పుడు. 1932లో వెలువడిన మన మొదటి తెలుగు మాటల చిత్రము "భక్త ప్రహ్లాద" ప్రతి నేడు చూతమన్నను లభింపదు. పెద్ద సంస్థలు తీసినదే నిలువనప్పుడు మన ముంగిటి చిత్రముల మాట చెప్పనేల?

మీ యింటి పిల్లవాడు ఫోను పట్టుకొని వచ్చి "తాతా, ఇటు చూడు" అన్నప్పుడు నావలె గద్దింపకుడు. ఒక్కసారి అటు చూడుడు. రెండు మాటలు పలుకుడు.

స్వస్తి.