మంచినీళ్ళ తొట్టిలోకి సముద్రం

పోయినేడాది నవంబర్లో నా రెండు నత్తలూ, ఒక సన్యాసి పీతా రెండ్రోజుల తేడాలో చచ్చిపోయాయి. నవ్వకండి. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిన రోజున కూడా నేనంత బాధపడలేదు. అవెందుకు పోయాయో తెలుసుకుందామని మొదలుపెడితే 1846 దాకా వెళ్ళాల్సొచ్చింది.

ముందు నా సంగతి. డాలస్‌లో అపార్ట్‌మెంటు, అందులో ఇరవై గాలన్ల అద్దాల తొట్టి. మన లెక్కలో 75 లీటర్లు. రెండేళ్ళు అందులో నియాన్ టెట్రాలు పెంచాను. తర్వాత ఒకచోట పగడాలు పెరుగుతున్న తొట్టి చూసి మనసు పారేసుకున్నాను. తొట్టి ఉంది, లైటుంది, గులకరాళ్ళున్నాయి, ఫిల్టరుంది. ఉప్పు కలిపితే అయిపోదూ? ఉన్న కోడ్‌లో ఒక్క లైను మారిస్తే చాలనుకోవడం మనవాళ్ళకి పాత జబ్బే కదా. చేపల్ని టీమ్‌లో ఒకతనికి ఇచ్చేసి, లీటరుకి 35 గ్రాముల చొప్పున రెండున్నర కిలోల పైచిలుకు ఉప్పు కలిపాను. వంటింటి ఉప్పు కాదు లెండి, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరాలన్నీ ఉండేది, ఇందుకోసమే అమ్ముతారు. ఫోన్లో చెప్తే అమ్మ "చేపలు పెంచుతున్నావా, ఊరగాయ పెడుతున్నావా?" అంది.

నాన్నకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆయన నవ్వలేదు. "నీళ్ళు తయారవకుండానే సీడు వదిలేశావట్రా?" అన్నాడు. చెరువుకీ అద్దాల తొట్టికీ పోలికేంటిలే అనుకున్నాను.

ఇక చరిత్రలోకి వస్తే, ఇంట్లో పగడాన్ని బతికించినవాళ్ళలో మనకి తెలిసిన మొదటి మనిషి ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ. భర్త లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చర్చి అధికారి. 1846లో టార్కీ అనే సముద్రపు ఊళ్ళో ఆవిడ పగడాలు చూసి, దారిలో కదిలిపోకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి లండన్ తీసుకొచ్చింది! అవి పగడపు దిబ్బలు కట్టే రకం కాదు, చల్లటి నీళ్ళలో విడివిడిగా బతికే రకం. అయినా పగడం పగడమే. ఊరినిండా పొగ, సముద్రం ఎక్కడో దూరాన. తెచ్చిన సముద్రపు నీళ్ళు పాడవకుండా ఏం చెయ్యాలి? పంపులు లేవు, కరెంటు లేదు. తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఒంపుతూ ఉండాలి, గాలి కలిసేదాకా. రోజూ అరగంట నుంచి ముప్పావుగంట.

ఆ పని చేసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిపిల్ల. ఆ పిల్లకి అదొక సరదాగా ఉండేదని 1859లో అచ్చయిన తన వ్యాసంలో ఆనా థిన్ రాసుకుంది. ఆ పిల్లని అడిగితే ఏమనేదో మరి. మన ఇళ్ళలో టీ చల్లార్చినట్టు రోజుకి ముప్పావుగంట ఒంపి చూడండి, ఎంత సరదాగా ఉంటుందో తెలుస్తుంది. ప్రపంచంలో మొదటి పగడాల తొట్టికి పంపు ఆ పిల్ల చేతులే. పేరు మాత్రం మిగల్లేదు. 1847లో ఆనా థిన్ నీళ్ళలో సముద్రపు నాచు కూడా వేసింది, దాంతో పగడానికీ నాచుకీ సంసారం కుదిరింది.

ఇదే సూత్రాన్ని 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త మంచినీళ్ళలో చూపించాడు. బంగారు చేపలు, నీటిమొక్క, కుళ్ళిన ఆకుల్ని తినడానికి నత్తలు. తర్వాత వచ్చాడు ఫిలిప్ హెన్రీ గాస్. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం కోసం అక్వేరియం తెరవడంలో ఆయన చెయ్యి ఉంది. 1854లో ఆయన పుస్తకం రావడంతో ఇంగ్లండు మొత్తానికి ఈ పిచ్చి పట్టుకుంది. గాజు మీద పన్ను 1845లోనే ఎత్తేశారు కాబట్టి అద్దం చవక. సముద్రం దగ్గరలేని వాళ్ళ కోసం నాలుగు లవణాలతో సముద్రపు నీళ్ళు చేసుకునే పద్ధతి కూడా గాస్ చెప్పాడు. నేను కొన్న ఉప్పు డబ్బాకి ముత్తాత అది.

ఆ పిచ్చి ఏం చేసిందో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాశాడు. తన చిన్నప్పుడు ఒడ్డున రాళ్ళ మధ్య గుంటల్లో ఉన్న అందమంతా, నాన్న పుస్తకాలు చదివి బుట్టలు పట్టుకొచ్చిన జనం ఊడ్చేశారని. ప్రేమించినవాడే దారి చూపించి నాశనం చేయించాడు పాపం. పగడాల తొట్టి పెట్టుకునే ప్రతివాడూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలని నా అభిప్రాయం.

తర్వాతి వందేళ్ళు గబగబా దాటేయచ్చు, ఒక్కటి తప్ప. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త అమ్మోనియాని నైట్రైట్‌గానూ, దాన్ని నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియాని వేరుచేసి చూపించాడు. చేపల పెంపకం మొత్తం ఆ రెండడుగుల మీదే నడుస్తోంది. చేప విసర్జించే అమ్మోనియా విషం, నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ కొంత నయం. మంచినీళ్ళలో ఈ పని చేసే బాక్టీరియాని ఒక్కసారిగా సముద్రమంత ఉప్పులో పడేస్తే పని ఆపేస్తుంది. అంటే రెండేళ్ళు పాతబడిన నా ఫిల్టరు ఉప్పు కలిపిన రోజున కొత్తదాంతో సమానం. మళ్ళీ తయారవడానికి నెలో నెలన్నరో పడుతుంది. నేనాగింది ఆరు రోజులు. నాన్న అడిగింది ఇదే, ఆయన వినోగ్రాడ్‌స్కీ పేరు వినకపోయినా.

కానీ నా నత్తల్ని చంపింది అమ్మోనియా ఒక్కటే కాదు.

1950లు, 60ల్లో అమెరికాలో ఉప్పునీళ్ళ తొట్టి అంటే ఎలా ఉండేదంటే, అడుగున గులకరాళ్ళు, వాటి కింద ఫిల్టరు, అలంకారానికి బ్లీచింగ్ చేసిన తెల్లటి పగడపు అస్థిపంజరాలు, చేపలకి జబ్బు రాకుండా రాగి మందు. 1959లో రాబర్ట్ స్ట్రాన్ రాసిన పుస్తకంతో ఆ గులకల కింది ఫిల్టరు చాలామందికి చేరింది. చేపలు బతికేవి. పగడాలు బతికేవి కావు, ఎందుకంటే చేపకి మందైన రాగి నత్తకీ పీతకీ పగడానికీ విషం. నా టెట్రాలకి తెల్లమచ్చల జబ్బొచ్చినప్పుడు నేను పోసింది కూడా రాగి మందే. ఆ గులకరాళ్ళనే కడిగి మళ్ళీ వాడాను. రాళ్ళు పట్టుకున్న రాగి మెల్లగా నీళ్ళలోకి దిగింది. పరీక్ష చేసే కిట్టు కొని చూస్తే నిజమేనని తేలింది. అరవై ఏళ్ళ నాటి తప్పుని బుద్ధిగా మళ్ళీ చేశానన్నమాట.

ఆ రోజుల్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన వేరే దారి పట్టాడు. సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళని బ్లీచింగ్ చెయ్యకుండా, వాటి మీది ప్రాణులతో సహా తొట్టిలో పెట్టాడు. మంచి వెలుతురు, సన్నగా గాలిబుడగలు, అంతే. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో దీని గురించి రాశాడు. కిటుకంతా రాయిలోనే ఉంది. దాని పైపొరలో బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ దాకా తీసుకెళ్తుంది, ఆక్సిజన్ అందని లోపలి పొరల్లో ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. రాయే ఫిల్టరు.

అంత సులువైన సంగతిని జనం నమ్మలేదు. సులువైన డిజైన్ని రివ్యూలో ఎవరూ నమ్మరు కదా :) 1986లో జార్జ్ స్మిట్ "మినీ రీఫ్" వ్యాసాలు రాస్తేగానీ అమెరికన్లు ఇంట్లో పగడాల వైపు చూడలేదు. అందులోనూ కింద ఇంకో తొట్టి, ప్లాస్టిక్ బంతుల మీదుగా చుక్కలు చుక్కలుగా కారే నీళ్ళు, బోలెడు సరంజామా. చిక్కేమిటంటే ఆ బంతులు నైట్రేట్‌ని తయారుచేస్తాయిగానీ పోగొట్టవు. బెర్లిన్ వాళ్ళు అవన్నీ వదిలేసి సముద్రపు రాయి, నురగ తీసే స్కిమ్మరు, గట్టి వెలుతురుతో నడిపించారు. 1990ల్లో అమెరికన్లు బంతుల్ని తీసి పారేశారు. చివరికొచ్చింది ఎక్కడికి? జకార్తాకే.

బెర్లిన్ కథలో నాకు నచ్చేది ఇంకోటుంది. అక్కడ డీట్రిష్ ష్ట్యూబర్ అనే ఆయన తొట్టిలో ఒక కొమ్మల పగడం బాగా పెరిగింది. ముక్కలు విరిచి తెలిసినవాళ్ళకిచ్చాడు, వాళ్ళు ఇంకొకళ్ళకిచ్చారు, అలా దేశాలు దాటింది. మనూళ్ళో పక్కింటి మందారం కొమ్మ అడిగి తెచ్చుకుని నాటుకున్నట్టు. గాస్ పాఠకులు బుట్టలు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళారు, ష్ట్యూబర్ మిత్రులు పక్కవాడింటికి వెళ్ళారు. మన దేశంలో పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి సముద్రంలోంచి తియ్యడం నేరం. అది మంచిదే.

నా తొట్టి సంగతికొస్తే, గులకరాళ్ళూ పాత ఫిల్టరూ పారేశాను. రాగి దిగి ఉంటుందన్న అనుమానంతో తొట్టి కూడా మార్చేశాను, కాబట్టి "మార్పిడి" అని ఇక చెప్పుకోలేను. ఎండు సున్నపురాయి కొని, అనుభవమున్న ఒకాయన తొట్టిలోంచి పిడికెడు బతికున్న రాయి అడిగి తెచ్చి దాని పక్కన పెట్టాను. ఏడు వారాలు ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చున్నాను. రూమ్మేటు "స్క్రీన్‌సేవర్ బాగుందిరా" అనేవాడు. చిన్న తొట్టి సులువనుకుంటారుగానీ అది తప్పు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది, తక్కువ నీళ్ళలో ఆ తేడా త్వరగా తెలుస్తుంది. అందుకని అద్దం మీద టేపు గీత పెట్టుకుని రోజూ సాయంత్రం మంచినీళ్ళు గీతదాకా పోస్తున్నాను. రెండు మగ్గులు. పోసినప్పుడల్లా ఆ పనిపిల్ల గుర్తొస్తుంది.

ఇప్పుడు అందులో మూడు నత్తలూ, ఆయనే విరిచిచ్చిన బొటనవేలంత పచ్చ పగడం ముక్కా ఉన్నాయి. చేపలింకా లేవు. నాన్న ప్రతి ఆదివారం అమ్మోనియా ఎంతుందో అడుగుతాడు, నేను సున్నా అంటాను, ఆయన తన చెరువు అంకెలు చెప్తాడు. ఇదివరకు మేమిద్దరం ఫోన్లో రెండు నిమిషాలు దాటి మాట్లాడుకున్నది లేదు.