తోక లేని గాలిపటం: పుట్టుపూర్వోత్తరాలు

గాలికి ఏటవాలుగా నిలిచిన పలుచని తలం తనను తాకిన గాలిని కిందికి మళ్లిస్తుంది. అందుకు ప్రతిచర్యగా తలాన్ని పైకి నెట్టే ఉత్థాపక బలం పుట్టి గాలిపటం లేస్తుంది. లేవడం ఇంత సులువే గాని, లేచినది గిరికీలు కొట్టి తలకిందులు కాకుండా నిలవడం కష్టం. గాలిపటాల రూపచరిత్రలో చాలా భాగం ఈ నిలకడ కోసం సాగిన వెతుకులాటే.

చైనాలో క్రీ.శ. 549లో లియాంగ్ వంశపు రాజధాని ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, సహాయం కోరుతూ కాగితపు గాలిపటాన్ని ఎగరవేశారని ఆ దేశపు చరిత్రలు చెబుతున్నాయి. ఇంత పాతదైన గాలిపటానికి నిలకడనిచ్చేందుకు అందరికీ తెలిసిన ఉపాయం తోక. గాలి దాన్ని వెనక్కి లాగడం వల్ల పటం అడుగుభాగం కిందనే ఉంటుంది. అయితే ఆ బరువూ ఈడ్పూ పటాన్ని ఎత్తుకు పోనివ్వవు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు బయోన్ పట్టణానికి చెందిన పత్రికా రచయిత విలియం ఎడ్డీకి ఈ చిక్కు మరో విధంగా ఎదురైంది. ఒకే దారానికి వరుసగా అనేక పటాలను కట్టి ఎగరవేస్తున్నప్పుడు వాటి తోకలు పెనవేసుకుపోతుండడంతో, అతడు మలయా ప్రాంతపు తోకలేని పటాల పద్ధతిని అనుసరించి అడ్డపుల్లను వెనక్కి వంచి, దాని రెండు కొనలను దారంతో విల్లులా బిగించాడు. ఇలా వంచిన పటం ఒక పక్కకు ఒరిగితే, ఒరిగిన వైపు రెక్క గాలికి మరింత ఎదురుగా నిలిచి ఎక్కువ ఒత్తిడి పొందుతుంది గనుక తనంతట తానే సర్దుకుంటుంది. 1894 ఆగస్టులో బోస్టన్ సమీపంలోని బ్లూ హిల్ వాతావరణ పరిశోధనశాలలో ఎడ్డీ పటాలు ఉష్ణోగ్రతను తానే నమోదు చేసుకునే పరికరాన్ని ఆకాశానికి మోసుకుపోయాయి. 1900లో అతనికి పేటెంటు లభించింది.

భారతదేశపు పతంగిలో వంపు ఇంతకంటే సూక్ష్మమైనది, ఇంతకంటే గొప్పది కూడా. సంక్రాంతికి హైదరాబాదు మేడల మీద ఎగిరే పతంగికి వెనక బిగింపు దారం ఉండదు; సన్నగా చెక్కిన వెదురు అడ్డపుల్లను ఆ క్షణంలో వీచే గాలే వంచుతుంది. దారం లాగినప్పుడు ఒత్తిడి పెరిగి, పుల్ల వెనక్కి వంగి, పతంగి ముక్కు చూపిన దిక్కుకు సూటిగా దూసుకుపోతుంది. వదులు చేస్తే పుల్ల తిరిగి చదునై, నిలకడ తప్పి, పతంగి గిరగిరా తిరుగుతుంది. ముక్కు కోరిన వైపు తిరిగిన క్షణాన లాగడమే ఎగరవేసేవారి నేర్పు. స్థిరత్వాన్ని, అస్థిరత్వాన్ని ఒకే వెదురు పుల్లలో ఇమిడ్చిన ఈ కూర్పు పేరు తెలియని పనివారి ప్రతిభ.

పటం గాలికి ఎంత వాలుగా నిలవాలో నిర్ణయించేది సూత్రం, అనగా నిలువుపుల్లకు పైనా కిందా కట్టి ఒకచోట ముడివేసిన దారాల జత. గాలి జోరుగా ఉన్నప్పుడు పై దారాన్ని పొట్టి చేస్తే పటం ముందుకు వాలి తక్కువ ఒత్తిడిని పొందుతుంది. నేలకు దగ్గరగా చెట్లూ గోడలూ అడ్డుపడి గాలి మందగించి సుడులు తిరుగుతుంది, పైకి పోయేకొద్దీ బలపడి నిలకడగా వీస్తుంది. అందువల్లనే మరొకరు పతంగిని దూరంగా తీసుకుపోయి ఎత్తి వదిలితే, దారం లాగగానే అది ఆ సుడులను దాటి మంచి గాలిని అందుకుంటుంది.